కిలో తొక్కలకు ఎంత గడ్డి?

యాసంగి కోతలు అయిపోయాక పెన్‌పహాడ్ మండలంలో ఏ ఊరి మీదుగా పోయినా నల్లగా కాలిన మడులు కనిపిస్తాయి. హార్వెస్టర్ దిగితే గింజ ట్రాలీలో పడుతుంది, గడ్డి మడిలో చెల్లాచెదురుగా మిగిలిపోతుంది. పశువులున్న రైతు కట్టలు కట్టించి ఇంటికి తోలుకుంటాడు. పశువుల్లేని రైతు వానాకాలం దుక్కికి అడ్డమని అగ్గి పెడతాడు. ఎకరానికి అటూ ఇటుగా రెండు టన్నుల గడ్డి అట్లా పొగైపోతుంది. టన్ను వరిగడ్డిలో 5 కిలోలకు పైగా నత్రజని, 20 కిలోలకు పైగా పొటాష్ ఉంటాయి. కాల్చినప్పుడు నత్రజని దాదాపు అంతా గాలిలో కలుస్తుంది. పొటాష్ బూడిదలో మిగులుతుంది కానీ ఆ బూడిదలో కొంత సుడిగాలికి, కొంత తొలి వానకు పోతుంది.

ఈ మండలానికి ఉత్తరాన సూర్యాపేట, తూర్పున కోదాడ, దక్షిణాన మిర్యాలగూడ. ఆ పట్టణాల్లో ఉత్సాహంగా ఇంటి కంపోస్టు మొదలుపెట్టి, కొద్దిరోజులకే డబ్బాను మేడమీద మూలకు నెట్టేసినవాళ్లు చాలామంది ఉంటారు. వాసన వచ్చిందంటారు, తెల్ల పురుగులు పాకాయంటారు. పరిశీలిస్తే ఎక్కువసార్లు కారణం ఒక్కటే. తొక్కల మీద తొక్కలే వేశారు, వాటికి తోడుగా ఎండిన సరుకు వెయ్యలేదు. పట్నంలో తొక్కలకు తోడు గడ్డి లేదు. పది ఇరవై కిలోమీటర్ల అవతల అదే గడ్డి కాలిపోతోంది. ఇంటికి తగిన పద్ధతి ఏదని అడిగేవాళ్లు ముందుగా రెండు విషయాలు చూసుకోవాలని నా గట్టి నమ్మకం. ఏడాది పొడుగునా ఎండు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది? ఎండాకాలం రెండు నెలలు ఆ కుప్ప ఎక్కడ ఉంటుంది? డబ్బా ఏది కొనాలన్నది ఆ తర్వాతి సంగతి.

లెక్క చేసి చూద్దాం. ఒక కిలో వంటింటి తొక్కలు తీసుకోండి: బీరకాయ పొట్టు, సొరకాయ గుజ్జు, టమాటా ముచ్చికలు, కొత్తిమీర కాడలు. అందులో 850 గ్రాముల దాకా నీళ్లే. మిగిలిన 150 గ్రాముల్లో కర్బనం 65, 70 గ్రాములు, నత్రజని నాలుగైదు గ్రాములు. అంటే ఒక పాలు నత్రజనికి సుమారు 15 పాళ్ల కర్బనం. చెత్తను ఎరువు చేసే సూక్ష్మజీవులకు కర్బనం తిండి, నత్రజని ఒంటి నిర్మాణానికి. అవి హాయిగా పెరగాలంటే ఒక పాలు నత్రజనికి 25 నుంచి 30 పాళ్ల కర్బనం కావాలి. కర్బనం తక్కువైతే అవి వాడుకోలేని నత్రజని అమ్మోనియాగా లేచిపోతుంది. మూత తియ్యగానే ముక్కుకు తగిలే ఘాటు అదే. ఈ లెక్క సరిచెయ్యడానికి కిలో తొక్కలకు 200 గ్రాముల ఎండుటాకులు సరిపోతాయి.

కానీ నీటి లెక్క వేరే ఉంది, అది ఇంకా కఠినం. కుప్పలో తేమ 50, 60 శాతం మధ్య ఉండాలి. అంతకు మించితే ముక్కల మధ్య సందులన్నీ నీటితో నిండుతాయి. ఆక్సిజన్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మది. గాలి అందని చోట గాలి అక్కరలేని బాక్టీరియా రాజ్యమేలుతుంది, కుళ్లిన గుడ్డు వాసన వాటి పనే. కిలో తొక్కలను 60 శాతం తేమకు దించాలంటే దాదాపు అర కిలో ఎండుటాకులో గడ్డో కలపాలి. చిల్లులున్న కుండలో కొంత నీరు ఆవిరైపోతుంది కనుక 300 నుంచి 500 గ్రాములు అనుకోవచ్చు. తూకంలో అది కొంచెమే. చూడడానికి మాత్రం ఒక బకెట్ నిండా ఆకులు. తొక్కల గిన్నె ఒకటైతే ఆకుల గిన్నెలు రెండు మూడు అని గుర్తుపెట్టుకుంటే తూకం అక్కరలేదు.

నలుగురున్న ఇంట్లో రోజుకు కిలో తొక్కలు వస్తాయనుకుంటే ఏడాదికి కావలసిన గడ్డి 150 కిలోలు. కట్ట పదిహేను కిలోల చొప్పున చూస్తే పది కట్టలు. ఒక ఎకరంలో కాల్చేసే గడ్డి పన్నెండు పదమూడు వంటిళ్లకు సంవత్సరమంతా సరిపోతుందన్నమాట. ఇది తెలిశాక మడిలో లేచే పొగను చూస్తూ ఊరకుండడం కష్టం. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చిన కొబ్బరిపొట్టు ఇటుకలను డబ్బు పోసి కొనడం అంతకన్నా కష్టం.

గడ్డిని అట్లాగే వేస్తే పని కాదు. వరిగడ్డి మీద సిలికా పొర ఉంటుంది, మైనం లాంటి పూత ఉంటుంది, తడి తొందరగా లోపలికి దిగదు. కత్తిపీట మీదనో కొడవలితోనో బెత్తెడు ముక్కలు చేసి ఒకరోజు నీళ్లు చిలకరించి ఉంచితే పెరటి గుంతలో త్వరగా చీకుతుంది. తడి తొక్కల డబ్బాలోకైతే పొడిగానే వెయ్యాలి, తేమ పీల్చడమే అక్కడ దాని పని. గడ్డి దొరకకపోతే హరితహారం కింద రోడ్ల పక్కన పెరిగిన కానుగ, వేప చెట్లు మాఘం నుంచి ఫాల్గుణం దాకా ఆకులు రాలుస్తాయి. ఆ రెండు నెలల్లో నాలుగు గోనె సంచులు నింపి పెట్టుకున్న ఇంటికి వానాకాలంలో ఇబ్బంది ఉండదు. మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల్లో దొరికే ఊక సంగతి వేరు. అది సందులు ఉంచడానికి పనికొస్తుంది కానీ తొందరగా మక్కదు. గడ్డిలో కలిపి కొద్దిగా వెయ్యవచ్చు. మిల్లు బూడిద మాత్రం తడి చెత్తలో కుమ్మరించవద్దు. క్షారగుణం వల్ల ఉన్న నత్రజని కూడా అమ్మోనియాగా లేచిపోతుంది. కట్టెకోత మిల్లు రంపపు పొట్టులో ఒక పాలు నత్రజనికి కర్బనం వందల పాళ్లు ఉంటుంది. మెత్తగా ఉండడంతో అదిమిపెట్టినట్టు గట్టిపడుతుంది కూడా. పిడికెడు చాలు.

ఇక ఇళ్లు. పల్లెలో బర్రె ఉన్న ఇంట్లో కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి పోతాయి. అంతకు మించిన పద్ధతి లేదు. పాలు వస్తాయి, పెండ వస్తుంది. తినే సరుకును పశువు నోటి నుంచి తీసి కంపోస్టు డబ్బాలో వెయ్యమని ఎవరైనా చెబితే వినవద్దు. రెండు జాగ్రత్తలు చాలు. ప్లాస్టిక్ కవర్లు అందులో పడకూడదు. పెళ్లిలో మిగిలిన అన్నం గంపలకొద్దీ ఒక్కసారి పెట్టకూడదు, కడుపులో ఆమ్లం పెరిగి పశువు ప్రాణానికే ముప్పు.

అలాంటి ఇంటికి కంపోస్టు సమస్య వంటింట్లో లేదు, పెంటకుప్పలో ఉంది. రోజూ తట్టెడు పెండ తెచ్చి వాకిలి పక్కన ఆరుబయట కుప్ప పోస్తారు. వైశాఖమంతా ఎండుతుంది, ఆషాఢమంతా కారుతుంది. నత్రజని ఎండకు కొంత, వానకు కొంత పోగా మిగిలిన దాన్ని బండికెత్తి పొలంలో చల్లుతారు. అదే పెండకు అదే గడ్డిని పొరలుగా కలిపి, పైన నీడ, చుట్టూ గట్టు ఏర్పాటు చేస్తే ఎరువు సత్తువ ఎంతో మెరుగవుతుంది. ఈ విద్యను శాస్త్రంగా రాసిపెట్టినవాడు ఆల్బర్ట్ హోవార్డ్. 1924 నుంచి 1931 దాకా ఇండోర్‌లో పనిచేస్తూ అక్కడి రైతుల అలవాట్లను చూసి, పొరలుగా పేర్చి గాలి తగిలేలా తిరగవేసే పద్ధతిని తీర్చిదిద్దాడు. సహోద్యోగి యశ్వంత్ వాడ్‌తో కలిసి 1931లో పుస్తకం వేశాడు. ఆ పద్ధతికే ఇండోర్ పద్ధతి అని పేరు. మూడు నెలల్లో ఎరువు చేతికొస్తుంది, కానీ రెండు మూడుసార్లు కుప్పంతా తవ్వి తిప్పాలి. ఒంట్లో సత్తువ, ఇంట్లో మనుషులు ఉన్నవాళ్లకు అది తగును.

కూలి దొరకని ఇంటికి, నీళ్లు తక్కువున్న ఊరికి నేను సి.ఎన్. ఆచార్య పద్ధతినే సిఫారసు చేస్తాను. 1939 ప్రాంతంలో బెంగళూరులో ఆయన రూపొందించినది. గుంతలో చెత్త ఒక పొర, పెండ ఒక పొర వేసుకుంటూ వచ్చి, పైన మట్టితో మెత్తి వదిలేస్తారు. మొదటి కొన్నిరోజులు లోపలున్న గాలితో వేడెక్కుతుంది, తర్వాత గాలి లేకుండానే నింపాదిగా మక్కుతుంది. తిప్పే పని లేదు, మాటిమాటికి నీళ్లు పొయ్యక్కరలేదు, నత్రజని నష్టమూ తక్కువ. ఆరు నుంచి ఎనిమిది నెలలు ఆగాలి. ఉగాదికి నింపితే దసరా దాటేసరికి సిద్ధం. గాలి లేకుండా మక్కేటప్పుడు కొంత మీథేన్ పుడుతుందన్నది నిజం. అందుకే గుంత మరీ లోతుగా తవ్వవద్దు, మూడడుగులు చాలు.

మహారాష్ట్రలోని పుసద్‌కు చెందిన నారాయణ్ పంఢరీపాండే పేరులోని అక్షరాలతో నాడెప్ అనే తొట్టి వచ్చింది. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున ఇటుకలతో కడతారు, గోడల్లో గాలికి కిటికీల్లా సందులు వదులుతారు. గడ్డి ఎక్కువ, పెండ తక్కువ ఉన్న ఇంటికోసమే పుట్టినట్టుంటుంది. పశువులు తగ్గి గడ్డి పెరిగిన పెన్‌పహాడ్ లాంటి వరి మండలానికి ఇది బాగా అతుకుతుంది. ఒక్కో తొట్టి నింపడానికి టన్నుకు పైగా ఎండు సరుకు కావాలి. దాంట్లో దాదాపు పదోవంతు పెండ చాలు, జల్లించిన మట్టి మాత్రం బాగా పడుతుంది. రోడ్డు పక్కన ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఒక తొట్టి కట్టుకుంటే సరుకు కరువుండదు.

గుంతా కుప్పా అన్న ప్రశ్నకు మన వాతావరణమే జవాబు చెబుతుంది. ఎండాకాలంలో గుంత తడి ఆరనివ్వదు. వానాకాలంలో అదే గుంతలో నీరు నిలిచి మురుగవుతుంది, అప్పుడు నేలమీద కుప్పే మేలు. నల్లరేగడి ఉన్నచోట ఈ తేడా ఇంకా ఎక్కువ, నీరు దిగదు కాబట్టి. ఎర్ర చెల్కలో గుంత అంత ఇబ్బంది పెట్టదు. గుంతైనా కుప్పైనా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ మీటరు చొప్పున ఉంటేనే నడిమధ్యలో వేడి నిలుస్తుంది. 55 డిగ్రీలు దాటి మూడురోజులు నిలిస్తే గడ్డి విత్తనాలు, రోగ క్రిములు చాలావరకు చస్తాయి. 70 దాటితే మనకు పనికొచ్చే జీవులూ చస్తాయి. ఇనుప చువ్వ గుచ్చి కాసేపాగి తీసి పట్టుకుంటే తెలుస్తుంది. చెయ్యి పెట్టలేనంత వేడుంటే కుప్ప పనిచేస్తున్నట్టే.

పట్నం ఇంటి కుండకు, డబ్బాకు ఈ వేడి రాదు. బయటి గాలికి వేడంతా పోతుంది. కాబట్టి తెగులు పట్టిన మిరప మొక్కలు, గింజలు కట్టిన కలుపు, కుక్క, పిల్లి మలం అందులో వెయ్యకూడదు. మాంసం, చేపల ముళ్లు, నూనె కూరలు కూడా వద్దు. వాసనకు కుక్కలు, ఎలుకలు చేరతాయి. పండ్ల తొక్కలకు కోతులు ఎట్లాగూ వస్తాయి. మన ఊళ్లలో మూత మీద రాయి పెట్టక తప్పదు.

పెరడున్న ఇంటికి రెండు సిమెంటు వరలు బాగా సరిపోతాయి. ఒకటి నిండేలోపు మరొకటి మక్కుతుంది. అడుగున నేల తగిలేలా ఉంచితే ఎక్కువైన నీరు భూమిలోకి దిగిపోతుంది, నేలలోని జీవులు పైకి వస్తాయి. అద్దెకు మేడమీద పోర్షన్‌లో ఉండేవాళ్లకు చిల్లులు పెట్టిన మట్టి కుండలే నయం. మట్టి గోడ ఊపిరి పీలుస్తుంది, తేమను బయటికి పంపుతుంది. బెంగళూరులో పూనమ్ బీర్ కస్తూరి 2006లో మొదలుపెట్టిన డైలీ డంప్ సంస్థ ఒకదానిమీద ఒకటి పేర్చే కుండల దొంతరను దేశమంతా తెలిసేలా చేసింది. మనకు మన ఊరి కుమ్మరి చాలు. మూడు వెడల్పాటి కుండలు చేయించి, చుట్టూ వేలు దూరేంత చిల్లులు పెట్టమంటే పెడతాడు. చిల్లులకు లోపలి నుంచి దోమతెర గుడ్డ కట్టుకోవాలి. జపాన్‌లోని ఒకినావాలో టెరువో హిగా ప్రచారంలోకి తెచ్చిన సూక్ష్మజీవుల మిశ్రమంతో గాలి చొరని బకెట్లో ఊరబెట్టే బొకాషీ పద్ధతి కూడా ఉంది. వండిన అన్నం కూడా అందులో వెయ్యవచ్చు. కానీ చివరికి వచ్చేది ఊరిన చెత్తే, ఎరువు కాదు. దాన్ని మట్టిలో పూడ్చి ఇంకొన్ని వారాలు ఆగాలి. పూడ్చే నేల లేని పోర్షన్‌కు అది పరిష్కారం కాదు.

వానపాముల పద్ధతి మీద మన జిల్లాల్లో ఎంత ప్రేమో అన్ని భంగపాట్లు. ఎరువుల తయారీకి వాడేవి మన చెల్కలో లోతుకు తవ్వుకుపోయే ఎర్రలు కావు, పైపొరల్లో చెత్త తినే రకాలు: ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజినియే, పెరియోనిక్స్ ఎక్స్‌కవేటస్. వాటికి 20 నుంచి 30 డిగ్రీలు హాయి. 35 దాటితే తిండి మానేస్తాయి, లేదా పారిపోతాయి, పారిపోలేకపోతే చస్తాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మే నెలలో పగటి ఎండ 44, 45 డిగ్రీలకు పోతుంది. సిమెంటు మేడమీద పెట్టిన పాముల డబ్బా రోహిణి కార్తె దాటడం అసాధ్యం. చెట్టు నీడలో, తాటాకు పందిరి కింద, తడి గోనెలు కప్పి రోజూ రెండుపూటలా చూసుకునే మనిషి ఉన్న ఇంట్లోనే అవి బతుకుతాయి. పచ్చి పెండ నేరుగా వేసినా చస్తాయి, అది మొదట వేడెక్కుతుంది కాబట్టి. పది పదిహేను రోజులు చల్లారనిచ్చి వెయ్యాలి. నిమ్మ తొక్కలు, పచ్చిమిరప, ఉప్పు తగిలిన కూర పెట్టకూడదు. ఇదంతా శ్రద్ధగా చెయ్యగలిగితే వచ్చే ఎరువు మెత్తగా, మొక్క వెంటనే అందుకునేలా ఉంటుంది. చెయ్యలేనివాళ్లు మామూలు కంపోస్టుతో సంతోషంగా ఉండొచ్చు, చేను పెద్దగా తేడా చూపదు.

వానపాములను ఇంటింటికి పంచకుండా ఊరంతటికి ఒకచోట పెంచిన ఉదాహరణ మన సూర్యాపేటే. 2003 ప్రాంతంలో ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ మున్సిపల్ కమిషనర్‌గా ఉన్నప్పుడు, దాదాపు లక్ష జనాభా ఉన్న ఆ పట్టణం వీధి చెత్తకుండీలు తీసేసింది. ఇంటింటికీ బండి పంపి తడి, పొడి వేరుగా తీసుకుంది. తడి చెత్తను వర్మీకంపోస్టు చేసి అమ్మింది, పొడి చెత్తను ఏరి పాత సామాన్లవాళ్లకు అమ్మింది. పెద్ద నగరాలు కోట్లు పెట్టి చెయ్యలేని పనిని ఉన్న సిబ్బందితో, ఉన్న ట్రాక్టర్లతో చేసి చూపిందని దేశం నలుమూలల నుంచి చూడడానికి వచ్చారు. అప్పటికి తడి, పొడి వేరుచేయడం దేశంలో చాలా పట్టణాలకు కొత్త మాట. ఘన వ్యర్థాల నిబంధనలు ఇంటి దగ్గరే మూడు రకాలుగా వేరు చెయ్యాలని చెప్పింది 2016లో. సూర్యాపేట అంతకు పదేళ్లకు పైగా ముందే సగం దారి నడిచింది.

2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి మొదలయ్యాక తెలంగాణ గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు, చెత్త వేరుచేసే షెడ్లు వచ్చాయి. షెడ్డు ఉన్న ఊరికి నేనిచ్చే సలహా చిన్నది. షెడ్డు పక్కన గడ్డివాము ఒకటి ఉండాలి. తడి చెత్త దిగిన ప్రతిసారీ దాని మీద గడ్డి పడాలి. వాము లేని షెడ్డులో వారం తిరిగేసరికి ఈగలు ముసురుతాయి, పనివాళ్లు లోపలికి పోవడానికి జంకుతారు, చెత్త మళ్లీ చెరువుగట్టుకు చేరుతుంది.

ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం 2015లో తెచ్చిన వేస్ట్ డీకంపోజర్ మన రైతులకు బాగా తెలిసినదే. ఒక సీసాను రెండు కిలోల బెల్లంతో 200 లీటర్ల నీళ్లలో పులియబెట్టి చల్లుతారు. గడ్డి కుప్పలకు వాడుకోవచ్చు. కానీ తేమ, గాలి, కర్బనం లెక్క తప్పిన కుప్పను ఏ సీసా బాగుచెయ్యలేదు. లెక్క కుదిరిన కుప్పలో తొలి విత్తనానికి పాత ఎరువు ఒక దోసెడు, పుల్లమజ్జిగ ఒక చెంబు, పచ్చి పెండ ఒక ముద్ద చాలు.

తెల్ల పురుగుల సంగతి చెప్పాలి, చాలామంది అక్కడే ఆపేస్తారు కాబట్టి. లావుగా, చదునుగా, బూడిదరంగు తిరిగే పురుగులైతే అవి నల్ల సైనిక ఈగ పిల్లలు. మనిషికి హాని చెయ్యవు, రోగాలు మొయ్యవు, చెత్తను అతివేగంగా తినేస్తాయి. ఇంట్లో కోళ్లుంటే వాటికి విందే. చిన్నగా, తెల్లగా, కొస తేలినవైతే ఇంటి ఈగ పిల్లలు. రెండూ చెప్పేది ఒకటే, తడి ఎక్కువైంది. ఆకులు రెండింతలు వేసి కలియబెడితే వారంలో తగ్గుతాయి.

ఇంటి ఎరువుతో యూరియా మానేయవచ్చని చెప్పేవాళ్ల లెక్క నిలబడదు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా నత్రజని ఉంటుంది. మంచి కంపోస్టులో ఒకటి, ఒకటిన్నర శాతం. ఒక వంటింటి నుంచి ఏడాదికి వచ్చే నూరు, నూట యాభై కిలోల ఎరువులో ఉన్న నత్రజని రెండున్నర కిలోలు కూడా దాటదు. దాని విలువ వేరేచోట ఉంది. మన చెల్క నేలల్లో సేంద్రియ కర్బనం అర శాతం కంటే తక్కువే ఉండడం సాధారణం. అందుకే నీళ్లు పోసిన గంటకే పాదు ఎండిపోతుంది, వేసిన ఎరువు నిలవదు. ఆ నేలలో కర్బనం పెరిగితే తడి నిలుస్తుంది, వేర్లకు ఊపిరి ఆడుతుంది. పెరటి బీర పాదుకు, కుండీలో కల్యామాకుకు ఆ నూరు కిలోలు ఎంతో.

సరిగా మక్కని ఎరువు మాత్రం మేలు కంటే కీడు చేస్తుంది. అందులోని సూక్ష్మజీవులు మిగిలిన పని పూర్తిచెయ్యడానికి మట్టిలోని నత్రజనిని లాక్కుంటాయి, మొక్క పసుపెక్కుతుంది. అందుకని పిడికెడు ఎరువును తడిపి, కవర్లో గాలి పోకుండా కట్టి మూడురోజులు ఉంచండి. విప్పినప్పుడు తొలకరి మట్టివాసన వస్తే మక్కినట్టే. స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ అనే పదార్థం వాసన అది. పులిసిన వాసన వస్తే ఇంకో నెల ఆగండి. ఇంకా అనుమానముంటే ఒక చిప్పలో ఆ ఎరువు, మరో చిప్పలో మామూలు మట్టి పోసి పదేసి పెసలు నాటండి. రెండింట్లోనూ సమంగా మొలిస్తే వాడుకోవచ్చు. కుండీలకైతే మూడు పాళ్ల మట్టికి ఒక పాలు ఎరువు కలపండి. పెరటి పాదుకు రెండు దోసెళ్లు వేసి, పైన మిగిలిన గడ్డి పరవండి.